హద్దురాయికి ఇవతల మిగిలిన పొలం: ఓపెన్‌కాస్ట్ పక్కన ఒక చెరువు ఆయకట్టు కేసు

ఈ కేసు గోదావరి లోయ బొగ్గు బెల్టులోది. ఊరి పేరు, గని పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న కొన్ని వివరాలు మార్చాను. నేల, నీటి సంరక్షణ నా వృత్తి. గనుల చుట్టుపక్కల వ్యవసాయ నష్టం మీద ఎవరైనా సాంకేతిక అభిప్రాయం అడిగితే వెళ్లి చూసి నివేదిక ఇస్తాను. ఇక్కడ వరి పొలాన్ని కాపాడాలని గని వాళ్లు, రెవెన్యూ వాళ్లు, ఊరివాళ్లు ముందే అనుకున్నారు, మ్యాపు మీద కాపాడారు కూడా. అయినా పొలం ఎండిపోయింది. అందుకే ఈ కేసు రాయాలనిపించింది.

నేపథ్యం

ఈ లోయలో బొగ్గు ఉన్న రాతిపొరల మీద చాలాచోట్ల కామ్తీ అనే ఇసుకరాయి పొర ఉంటుంది. అది నీళ్లను బాగా పట్టి ఉంచుతుంది. ఊరి బావులకు, బోర్లకు నీళ్లిచ్చేది అదే. ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైనుంచి నేలంతా తవ్వుకుంటూ పోయే గనిలో, బొగ్గు తీయాలంటే ఆ పొరను తవ్వి పక్కన పోయాలి. అంటే ఇక్కడ బొగ్గు మీద ఉన్నది మట్టి మాత్రమే కాదు, ఊరి నీళ్లు కూడా.

ఊరికి ఎగువన చెల్కలు, అంటే వానాధార మెట్ట పొలాలు. పత్తి, కంది, అక్కడక్కడ మక్క. మధ్యలో చెరువు, దాని కింద వరి. గొలుసుకట్టులో అది రెండో చెరువు. పై చెరువు నిండి మత్తడి దూకితే (పొంగి అలుగు మీదుగా పారితే) ఆ నీళ్లు, చెల్కల మీద కురిసిన వాన నీళ్లు ఒక చిన్న వాగులో కలిసి వచ్చి దీన్ని నింపేవి. వానాకాలంలో ఆయకట్టంతా నాట్లు పడేవి. మంచి ఏడాదైతే యాసంగిలో కూడా సగానికి పైగా పండేది. ఊరి తిండిగింజలు, పశువుల గడ్డి, కూలి పనులు చాలావరకు ఈ ఆయకట్టు మీదే ఆధారం.

గని విస్తరణకు భూమి కావాల్సి వచ్చినప్పుడు సర్వే చేసినవాళ్లు చూసింది నేల రకం, పంటల సంఖ్య. ఆయకట్టు రెండు పంటల భూమి కాబట్టి వదిలేశారు. చెల్క ఒక పంట భూమి, రాళ్లున్న నేల, కొంత బీడు కాబట్టి దాన్ని తీసుకున్నారు. 2013 భూసేకరణ చట్టం 10వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. బహుళ పంటలు పండే సాగునీటి భూమిని చివరి మార్గంగా మాత్రమే సేకరించాలి, తప్పనిసరై తీసుకుంటే అంతే విస్తీర్ణంలో బీడును సాగులోకి తేవాలి, లేదా దాని విలువ జమ చేయాలి. బొగ్గు కోసం బొగ్గు నిక్షేప ప్రాంతాల సేకరణకు ఉన్న 1957 చట్టం కింద భూమి తీసుకుంటే ఈ సెక్షన్ వర్తించదు. పరిహారం, పునరావాసం విషయాల్లోనే 2013 చట్టం వర్తిస్తుంది. అయినా ఇక్కడ ఆ స్ఫూర్తి పాటించారు. ఈ మాట చెప్పకపోతే వాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది.

బొగ్గు వద్దని ఈ ఊళ్లో ఎవరూ అనలేదు. ఇంటికొకరు కాకపోయినా చాలా ఇళ్లలో ఎవరో ఒకరు గని మీద బతుకుతున్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. ఆ కరెంటులో పెద్ద భాగం బొగ్గు నుంచి వచ్చేదే. యాసంగి వరికి నడిచే మోటారు వెనక కూడా బొగ్గే ఉంది. కాబట్టి నా ముందున్న ప్రశ్న, గని నడుస్తుండగానే ఆ ఆయకట్టును బతికించే దారి ఏదన్నా ఉందా అని.

సమస్య

గనిలో తొలి కోత మొదలైన రెండో ఏడాది నుంచి చెరువు మత్తడి దూకలేదు. మూడో ఏడాది సగం కూడా నిండలేదు. యాసంగి వరి ఆగిపోయింది, వానాకాలంలో కూడా చివరి పొలాలకు నీళ్లందలేదు. బావులు ముందు ఎండాకాలంలో, తర్వాత సంక్రాంతికే అడుగంటడం మొదలైంది. పత్తి మీద దుమ్ము, బ్లాస్టింగ్‌కు గోడల పగుళ్లు కూడా ఫిర్యాదుల్లో ఉన్నాయి. వాటికి వేరే కొలతలు, వేరే నిబంధనలు ఉన్నాయి కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

రైతుల డిమాండు ఒక్కటే: ‘మా భూమి కూడా తీసుకోండి.’

గని యాజమాన్యానికి ఇది ఉద్యోగాల కోసం, పరిహారం కోసం చేస్తున్న ఒత్తిడిగా కనిపించింది. వానలు తక్కువ పడ్డాయి, అందుకే చెరువు నిండలేదని వాళ్ల వాదన. రెవెన్యూ అధికారులు నన్ను అడిగింది కూడా అదే: ఇది వాన లోపమా, గని ప్రభావమా?

ఊళ్లో తిరిగితే ఆ డిమాండు వెనక ఒకే గొంతు లేదని తెలిసింది. పట్టా ఉండి పట్నంలో ఉంటున్నవాళ్లకు భూమి అమ్ముడుపోతే చాలు. కౌలుకు చేసుకునేవాళ్లకు భూమి తీసుకుంటే పైసా రాదు, పని పోతుంది. ఇద్దరి మధ్య ఉన్న చిన్న రైతులు చెప్పిన మాట నాకు అన్నిటికంటే స్పష్టంగా అనిపించింది. “పొలం అమ్ముకోవాలని లేదు సారూ. నీళ్లు లేని పొలాన్ని ఏం జేసుకోవాలె? నీళ్లిస్తే మేం గని దిక్కు గూడ చూడం.”

వాన ఎంత, గని ఎంత

వాన వాదనను కొట్టిపారేయకూడదు. చెరువు దూకని మూడేళ్లలో ఒక ఏడాది నిజంగానే వాన తక్కువ. అందుకే ముందు పోల్చడానికి ఇంకో చెరువు వెతికాం. అదే మండలంలో, అదే వర్షమాపకం పరిధిలో, దాదాపు అంతే పరీవాహక ప్రాంతంతో, ఈ వాగుతో సంబంధం లేని చెరువు ఒకటి ఉంది. వాన తక్కువైన ఏడాది అదీ పూర్తిగా నిండలేదు. మిగతా రెండేళ్లలో మాత్రం మత్తడి దూకింది. మన చెరువు ఏ ఏడాదీ దూకలేదు. వాన ఒక్కటే కారణమైతే రెండూ కలిసి నిండాలి, కలిసి ఎండాలి.

తర్వాత బావులు. పర్యావరణ అనుమతి షరతుల ప్రకారం గని చుట్టూ భూగర్భజల మట్టాలు కొలుస్తూ ఉండాలి. కొలుస్తున్నారు కూడా. ఆ రీడింగులు ఆఫీసు ఫైళ్లలో భద్రంగా ఉన్నాయి, ఊళ్లో మాత్రం ఎవరూ చూడలేదు. వాటిని, బావుల దగ్గర మేం తీసిన కొలతలను కలిపి మ్యాపు మీద పెడితే గనికి దగ్గరగా ఉన్నవి ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ దిగిపోయాయని తేలింది. అది గని లాగుతున్న నీరు.

కానీ బావులు దిగినంత మాత్రాన చెరువు నిండకపోవడానికి కారణం దొరకదు. చెరువుకు పైనుంచి రావాల్సిన నీళ్లు ఎక్కడ పోతున్నాయి? దీనికి జవాబు ఊరి నీరటి దగ్గర దొరికింది. తూము ఎత్తడం, దించడం, పొలాలకు వంతులు వేయడం ఆయన కుటుంబం తరతరాలుగా చేస్తున్న పని. వాన పడుతున్న రోజు ఆయన వెంట వాగు పట్టుకుని పైకి నడిచాం. కొంత దూరం పోయాక వాగు ఆగిపోయింది. అక్కడ గని చుట్టూ తవ్విన గార్లాండ్ డ్రెయిన్ ఉంది. పై చెరువు మత్తడి నీళ్లు, మిగిలిన చెల్కల నీళ్లు అన్నీ అందులో పడి ఎర్రగా పరుగెడుతున్నాయి. ఆ డ్రెయిన్ గనిని చుట్టి, మన చెరువును దాటి, కట్టకు దిగువన వాగులో కలుస్తోంది.

“నీళ్లు యాడికీ పోలేదు సారూ. చెరువును దాటిచ్చి ఇడుస్తున్నరు,” అన్నాడు నీరటి పెద్దయ్య.

డ్రెయిన్ తవ్వడంలో తప్పు లేదు. వాననీరు గనిలోకి దూకితే మనుషుల ప్రాణాలు పోతాయి. దాన్ని గని నుంచి దూరంగా మళ్లించడం భద్రతా నిబంధన. దాన్ని గీసిన ఇంజనీరు ముందున్న ప్రశ్న గనిలోకి నీళ్లు రాకుండా చూడడం, అది ఆయన చక్కగా చేశాడు. ఆ నీళ్లు ఎవరివి అన్న ప్రశ్న ఏ కాగితంలోనూ లేదు. చెల్కను ఒక పంట భూమిగా లెక్కగట్టారు గానీ రెండు పంటల ఆయకట్టుకు నీళ్లిచ్చే భూమిగా లెక్కగట్టలేదు.

కాబట్టి నివేదికలో నష్టాన్ని రెండుగా విడదీశాను. చెరువుకు రావాల్సిన పైనీరు దారి తప్పడం ఒకటి, దీన్ని బాగుచేయవచ్చు. బావుల మట్టం దిగడం రెండోది, గని నడిచినంత కాలం దీన్ని ఆపలేం. రెంటినీ కలిపి ‘గని వల్ల నష్టం’ అని రాసి ఉంటే చర్చ మళ్లీ పరిహారం దగ్గరే ఆగిపోయేది.

ఫలించనివి

నేను వెళ్లేసరికే ఆయకట్టు రైతులకు బోర్లు వేయించారు. మంచి ఉద్దేశంతో వేసినవే. ఆ ప్రాంతంలో అన్ని బోర్ల కంటే లోతైనది, పెద్దది గని గొయ్యే. గని లోతు పెరిగేకొద్దీ బోర్లు వెనకబడ్డాయి. కొందరు సొంత ఖర్చుతో ఇంకా లోతుకు పోయి అప్పులపాలయ్యారు. ఇంకో విడత బోర్లు వేస్తామంటే వద్దని గట్టిగా రాశాను.

రెండోది, గనిలోంచి తోడే నీళ్లను నేరుగా చెరువులోకి వదలడం. ఈ ఆలోచన అందరికీ నచ్చింది. ఇక్కడి బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి ఆమ్ల నీటి బెడద పెద్దగా ఉండదు. పరీక్షల్లో ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు సాగుకు పనికొచ్చే స్థాయిలోనే ఉన్నాయి. సమస్య బురద. సంప్ (గని అడుగున నీళ్లు చేరే గుంత) నుంచి వచ్చిన నీళ్లను ఒక గాజు సీసాలో పట్టి నీరటి ఇంటి అరుగు మీద పెట్టాం. ఇసుక క్షణాల్లో దిగింది. సన్నటి బంకమట్టి మర్నాడు పొద్దున కూడా పాలనీళ్లలా తేలుతూనే ఉంది. ఆ బంకే తూము దగ్గర పేరుకుంది. పొలాల్లో నీళ్లు ఇంకాక పైన పలకలా గట్టిపడి పిలకలు సరిగా రాలేదు. రైతులే వచ్చి పైపు కట్టేయించారు. పైగా గని వాళ్లకు వేసవిలో దుమ్ము అణచడానికి నీళ్లు కావాలి, యాసంగి వరికి కూడా అప్పుడే కావాలి. ఎప్పుడు ఎంత వదలాలో రాతపూర్వకంగా ఏమీ లేదు.

మూడోది, పూడ్చిన గని నేలను సాగుకు ఇవ్వడం. పాత గనిలో పూడ్చిన భాగం మీద చదును చేసి కొన్ని మడులు కట్టి వరి వేయించారు. ఒక మడిలో నీళ్లు పెట్టిన గంటకే మాయమయ్యాయి, కింద ఇసుకరాయి ముక్కలు. పక్క మడిలో రోజుల తరబడి నిలిచాయి. అక్కడ గునపం వేస్తే జానెడు కూడా దిగకుండా ఠంగుమంది. డంపర్లు తిరిగి తిరిగి నేల రాయిలా అయింది. పైగా పూడ్చిన నేల ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, ఒక్కో చోట ఒక్కో రకంగా. వరి మడి చదునుగా లేకపోతే నీళ్లు నిలవవు. వరి పోయింది, గడ్డి జాతులు మాత్రం బాగా వచ్చాయి.

పైమట్టి సంగతి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. తవ్వేముందు పైమట్టిని విడిగా తీసి దాచాలన్నది షరతు. దాచారు. అయితే ఎత్తుగా పోసి ఏళ్ల తరబడి ఉంచితే లోపల గాలి ఆడక మట్టిలోని జీవం చాలావరకు చచ్చిపోతుంది. అందులోనూ ఉన్న మట్టిలో ఎక్కువ భాగం ఓబీ గుట్టల (బొగ్గు మీది నుంచి తవ్వి పోసిన మట్టి, రాళ్ల గుట్టల) వాలు మీద చెట్లు పెంచడానికి వాడేశారు. చదునైన నేలకు మిగిలింది పలుచటి పొర. అమెరికాలో 1977 నాటి ఉపరితల గనుల చట్టం మేలైన సాగుభూమిని తవ్వితే నేల పొరలను విడివిడిగా తీసి, మామూలుగా 48 అంగుళాల లోతు వరకు తిరిగి పరచమంటుంది. పక్కనున్న తవ్వని భూమితో సమానంగా కనీసం 3 పంట ఏళ్ల దిగుబడి చూపిస్తేనే కంపెనీ పూచీకత్తు సొమ్ము పూర్తిగా విడుదలవుతుంది. మన దగ్గర సొమ్ము ఉంది. బొగ్గు శాఖ 2009 మార్గదర్శకాలు ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన ఎస్క్రో ఖాతాలో (షరతులు తీరాకే సొమ్ము తీసుకునే ఖాతా) జమ చేయమన్నాయి. నేను చూసిన ప్లాన్లలో ఆ సొమ్ము నాటిన మొక్కలతో, చదును చేసిన విస్తీర్ణంతో ముడిపడి ఉంది గానీ పండిన గింజలతో కాదు. వరి భూమి పోతే పూడ్చిన నేల దాని స్థానం భర్తీ చేస్తుందనే లెక్కను నేను నివేదికలో ఒప్పుకోలేదు. మేత భూమిగా, ఆరుతడి భూమిగా కొంత పనికొస్తుంది, అంతవరకే.

పనిచేసినవి

అన్నిటికంటే ముందు చేసింది చాలా చిన్న పని. తూము గోడకు ఒక గేజి గీయించాం. వారానికోసారి నీరటి, గని సర్వేయరు ఇద్దరూ కలిసి చూసి, ఆ అంకెను పంచాయతీ గోడ మీద రాయాలి. గని వాళ్ల జలమట్టాల రీడింగులు కూడా అదే గోడ మీదికి వచ్చాయి. అంతకుముందు ప్రతి సమావేశం ‘మీ లెక్క అబద్ధం’ దగ్గర మొదలై అక్కడే ముగిసేది. ఇద్దరూ సంతకం పెట్టిన అంకె వచ్చాక వాదన ఏం చేద్దాం అనే వైపు మళ్లింది.

అసలు పని డ్రెయిన్‌ది. లెవెల్స్ తీస్తే, చెరువుకు ఎగువన ఉన్న పాత కట్టుకాలువలోకి మోటారు లేకుండానే నీళ్లు తిప్పవచ్చని తేలింది. ప్లానింగ్ ఇంజనీర్లు వెంటనే ఒప్పుకోలేదు. గని అంచుకు దగ్గరగా నీళ్లు మళ్లిస్తే గండిపడే ప్రమాదం ఉందన్నారు. వాళ్ల భయం న్యాయమైనది. అందుకే అంచుకు దగ్గరగా ఉన్న ముక్కను కాంక్రీటు చేయడం, బయటివైపు కట్ట పెంచడం, వరద ఎక్కువైతే పాత దారిలోనే పోయేలా ఒక పక్క మత్తడి ఉంచడం అనే మూడు షరతులతో డ్రాయింగ్ మార్చాం. కట్టుకాలువ మొదట్లో బురద దిగడానికి ఒక గుంత తవ్వించాం. దాన్ని ఏటా వానలకు ముందు పూడిక తీసే బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాయించాం. అది రాయకపోతే రెండేళ్లలో గుంత పూడి కథ మొదటికొస్తుంది.

గని నీళ్లను కూడా పూర్తిగా వదులుకోలేదు. రెండు సెట్లింగ్ పాండ్లు కట్టి, మధ్యలో అడ్డుగోడలతో నీళ్లు మెలికలు తిరిగి నెమ్మదిగా వచ్చేలా చేశారు. నీళ్లలో తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటేనే గేటు ఎత్తాలి. ఎప్పుడు వదలాలన్నది పంటను బట్టి రాసుకున్నాం: నాట్లకు ముందు ఒక నింపు, పొట్ట దశలో తప్పనిసరిగా ఇంకొకటి. ఆ దశలో నీళ్లు తప్పితే తాలు గింజలే మిగులుతాయి. దుమ్ము అణచడానికి వాడే నీళ్ల కంటే ఆ రెండు తడులకు ముందు వంతు ఇవ్వాలని యాజమాన్యం ఒప్పుకుంది.

యాసంగిలో అందరికీ వరి సాధ్యం కాదని రైతులకు ముందే చెప్పాం. తూముకు దగ్గర పొలాల్లో వరి, చివరి పొలాల్లో పెసర, మక్క, పల్లీ. ఇక్కడ పేచీ వచ్చింది. వడ్లు పండిస్తే ఐకేపీ (మహిళా సంఘాల) కొనుగోలు సెంటర్‌లో మద్దతు ధరకు కొంటారు. పెసర్లు, మక్కలకు ఆ ధీమా లేదు. రైతు మొండితనమని కొందరు అధికారులు అనుకున్నారు గానీ అది మార్కెట్ చూసి చేసిన సరైన లెక్క. చివరి పొలాల వాళ్లలో సగం మంది మారారు, మిగతావాళ్లు బీడు ఉంచారు. వాళ్లను నేను తప్పుపట్టలేను.

గని తర్వాతి విడతలో పైమట్టిని కుప్ప పోయకుండా, కొత్త కోత నుంచి తీసింది తీసినట్టే పూడ్చిన చదును నేల మీద పరచాలని సూచించాను. చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో చెరువు మట్టి తోలుకుని చెల్కలు బాగుచేసుకున్న రైతులు, ఆ పైమట్టి మాకే ఇవ్వండని అడిగారు. మంచి ఆలోచనే. కానీ అనుమతి షరతు ప్రకారం అది గని నేల పునరుద్ధరణకే వాడాలి, అందుకని కుదరలేదు. పరిచిన చోట డంపర్లు తిరగకుండా ఒకే దారి పెట్టారు. అక్కడ కంది, పశుగ్రాసం వేస్తున్నారు. కుప్పలోంచి తెచ్చి పోసిన పాత ముక్క కంటే ఇక్కడ మొలక బాగుంది.

ప్రస్తుతం చెరువు మళ్లీ మత్తడి దూకుతోంది. వానాకాలం ఆయకట్టు దాదాపు మొత్తం సాగులో ఉంది. యాసంగి మునుపటిలో సగం లోపే. బావులు కోలుకోలేదు. ‘మా భూమి తీసుకోండి’ అన్న అర్జీని చిన్న రైతుల్లో చాలామంది వెనక్కి తీసుకున్నారు, పట్నంలో ఉన్న పట్టాదారులు తీసుకోలేదు. పంట పోయిన ఏళ్లకు ఇచ్చిన సాయం పాస్‌బుక్ ఉన్నవాళ్లకే వెళ్లింది. ఆ ఏళ్లలో పెట్టుబడి పెట్టి నష్టపోయిన కౌలు రైతులకు ఏమీ ఇప్పించలేకపోయాం. కౌలు కాగితం ఎవరి దగ్గరా లేదు. ఈ కేసులో నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇదే.

ఇలాంటి పని చేసేవాళ్లకు

భూసేకరణ మ్యాపు సర్వే నంబర్ల వారీగా ఉంటుంది. దాని మీద నీటి దారులు గీసి చూడండి. తీసుకునే ప్రతి చెల్క నీళ్లు ఏ చెరువులోకి పోతాయో, ఆ చెరువు కింద ఎంత వరి ఉందో రాస్తే, పోయే సాగుభూమి లెక్క సేకరించిన ఎకరాల దగ్గర ఆగదు. సామాజిక ప్రభావ అంచనాలో ఈ ఒక్క పట్టిక ఉండి ఉంటే డ్రెయిన్ మొదటే చెరువు వైపు తిరిగేది, ఖర్చు కూడా తక్కువయ్యేది.

తొలి కోతకు ముందే చెరువు మట్టం, బావుల మట్టం కనీసం రెండు సీజన్లు రాసి పెట్టించండి. ఇక్కడ అవి లేకనే పక్క చెరువుతో పోల్చి నిరూపించాల్సి వచ్చింది. అలాంటి జత చెరువు ప్రతి ఊళ్లో దొరకదు. నీరటి జ్ఞాపకం దారి చూపిస్తుంది, కానీ విచారణలో ఎదుటివాళ్లు అంకెలే అడుగుతారు. కౌలు రైతుల జాబితా కూడా అప్పుడే, ఊరి సభలో పేర్లు చదివి తయారు చేయించాలి. నష్టం జరిగాక చేస్తే ఎవరూ ఒప్పుకోరు.

ఇంకా తేలని విషయం ఒకటుంది. గని మూసేశాక పంపులు ఆగిపోతాయి. గొయ్యి నెమ్మదిగా నీళ్లతో నిండుతుంది. అది నిండేదాకా ఇసుకరాయిలోని నీరు అటే పోతుంది కాబట్టి బావులు వెంటనే కోలుకోవు, చెరువుకు వచ్చే గని నీళ్లు కూడా ఉండవు. ఆ మధ్యకాలంలో పొట్ట దశ తడి ఎవరిస్తారు, మోటారు కరెంటు ఎవరు కడతారు అన్నది మూసివేత ప్రణాళికలో ఉండాలని, దానికి ఎస్క్రోలో విడిగా సొమ్ము చూపాలని పంచాయతీ తీర్మానం చేసి పంపింది. ప్రణాళికను తర్వాత సవరించేటప్పుడు పరిశీలిస్తామని యాజమాన్యం రాతపూర్వకంగా జవాబిచ్చింది. ఆ సవరణ ముసాయిదాకు జత చేయడానికి గేజి రీడింగులన్నీ ఏడాదివారీ పట్టికలుగా సిద్ధం చేస్తున్నాం.